నర్సింగ్ విద్యార్థిని ఫెయిల్ చేయడానికి ఏం కావాలి?

ఆదివారం ఆరాధన ముగిసీ ముగియకముందే డ్యూటీకి పరుగెత్తే సిస్టర్ ఒకరైనా లేని సంఘం మన మధ్య అరుదు. యూసుఫ్‌గూడలో అద్దె గదుల్లో ఉంటూ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఆసుపత్రులకు వెళ్లే నర్సులు ఉన్నారు. నర్సింగ్ చదువుకుంటున్న పిల్లలూ ఉన్నారు. వారి చదువు విషయంలో మనం పెద్దగా మాట్లాడుకోని ఒక సంగతిని ఈ వారం ఆలోచిద్దాం. నేర్చుకోవలసింది నేర్చుకోని విద్యార్థిని ఫెయిల్ చేయవలసి వచ్చినప్పుడు, ఆ టీచరుకు ఏ గుణాలు ఉండాలి?

మన ప్రాంతం వారికి సినిమా షూటింగ్ కొత్త కాదు. షాట్ సరిగా రాకపోతే దర్శకుడు ఇంకో టేక్ అంటాడు. వార్డులో ఇంకో టేక్ ఉండదు. ఒక్క ఉదాహరణ చూడండి. మన దేశంలో ఇన్సులిన్ ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాల్లోనూ, 100 యూనిట్లు ఉండే సీసాల్లోనూ దొరుకుతుంది. దేనికి దాని సిరంజి వేరు. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో తీస్తే, రోగికి వెళ్లవలసిన దానికంటే రెండున్నర రెట్లు మందు వెళ్తుంది. చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ తేడా చూడకుండానే మందు ఎక్కించే విద్యార్థికి పాస్ మార్కులు వేస్తే, ఆ మార్కుల ఖరీదు ఎవరు చెల్లిస్తారు?

నియమాలు లేక కాదు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ నిబంధనల ప్రకారం థియరీలోనూ ప్రాక్టికల్స్‌లోనూ విడివిడిగా 50 శాతం మార్కులు రావాలి. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. పట్టా చేతికి వచ్చేలోగా ప్రాక్టికల్ హాజరు 100 శాతం పూర్తి కావాలి. ప్రాక్టికల్ పరీక్షను కాలేజీ ఎగ్జామినరు, బయటి నుండి వచ్చిన ఎగ్జామినరు కలిసి జరుపుతారు. కానీ బయటివారు ఆ పిల్లను చూసేది ఆ ఒక్క రోజే. నెలల తరబడి వార్డులో చూసింది ట్యూటరు, వార్డు సిస్టరే. అసలు భారం వారిదే.

ఆ భారం మోయలేక చాలామంది చేతులు దించేస్తారు. ఈ బలహీనత మన ఊరిది మాత్రమే కాదు. స్కాట్లాండ్‌లో కాథ్లీన్ డఫీ అనే పరిశోధకురాలు 2003లో ఈ సంగతినే బయటపెట్టారు. విద్యార్థి సరిగా లేదని తెలిసినా సీనియర్ నర్సులు పాస్ చేసి పంపుతున్నారని ఆమె గుర్తించారు. సమస్యను ఆలస్యంగా చెప్పడం, రాతపూర్వకంగా ఏమీ లేకపోవడం, ఆ పిల్ల భవిష్యత్తు ఏమవుతుందోనన్న జాలి, తమ తీర్పు మీద తమకే నమ్మకం లేకపోవడం వంటి కారణాలు అందులో కనిపించాయి. ఇవి మనకు తెలియనివా?

అందుకే మొదట కావలసింది ముందుగా చెప్పే ధైర్యం. సంవత్సరం చివర ఒక్కసారిగా ఫెయిల్ అనడం ధైర్యం కాదు. తప్పు కనిపించిన వారంలోనే ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, నలుగురి ముందు కాకుండా, "ఇక్కడ తప్పు జరిగిందమ్మా, ఇలా దిద్దుకో" అని చెప్పాలి. దిద్దుకోవడానికి సమయమూ ఇవ్వాలి.

రెండవది, చూసినది చూసినట్లు రాసే అలవాటు. "ఈ అమ్మాయి పనికిరాదు" అన్నది అభిప్రాయం. "ఫలానా రోజు రోగి పేరు సరిచూడకుండా మందు ఇచ్చింది, చెప్పిన తరువాత మళ్లీ అదే చేసింది" అన్నది సాక్ష్యం. లాగ్ బుక్‌లో కళ్లు మూసుకొని సంతకం పెట్టేవారికి చివర్లో నోరెత్తే హక్కు ఉండదు.

మూడవది, న్యాయబుద్ధి. తెలుగు మీడియంలో చదివి వచ్చి ఇంగ్లిషులో తడబడే పిల్ల వేరు, రోగి పిలిచినా పలకని పిల్ల వేరు. మొదటిది మాట తడబాటు, రెండవది పని తప్పు. ఊరు, కులం, సంఘం, మాట తీరు చూసి మార్కులు వేసేవారు పాస్ చేసినా ఫెయిల్ చేసినా అన్యాయమే చేస్తారు. ఒక్కరి కన్ను మోసపోవచ్చు గనుక ఇద్దరు ముగ్గురు చూడడం మేలు. బ్రిటన్‌లో 2018 ప్రమాణాల ప్రకారం పనిలో పర్యవేక్షించేవారిని, తుది అంచనా వేసేవారిని వేరువేరుగా ఉంచుతున్నది ఇందుకే.

నాలుగవది, తనను తాను ప్రశ్నించుకునే వినయం. నేను నేర్పానా? చేసి చూపించానా? లేక ఆ పిల్లతో బెడ్‌షీట్లు మార్పించి, ఫైళ్లు మోయించి, పరీక్ష నాడు మాత్రం అన్నీ రావాలన్నానా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోగలిగిన టీచరే నిర్భయంగా ఫెయిల్ చేయగలదు.

ఇక మన సంగతి. ఫలితాలు రాబోతున్నాయనగానే సంఘకాపరుల దగ్గరికి, పెద్దల దగ్గరికి సిఫారసు కోసం వచ్చేవారు ఉంటారు. "అయ్యగారూ, ఆ మేడమ్ మన సంఘస్థురాలే, ఒక్క మాట చెప్పండి" అంటారు. ఫీజు కోసం అప్పు చేసిన తల్లి కన్నీళ్లు మనకు తెలుసు, అవి నిజమైనవే. అయినా ఆ ఒక్క ఫోను ఆ టీచరు చేతులు కట్టేస్తుంది. సామెతల గ్రంథం దొంగత్రాసును ఎంతగా అసహ్యించుకుంటుందో ఎరిగిన మనం, మార్కుల త్రాసును వంచమని అడగవచ్చా?

ఫెయిల్ అయితే బ్రతుకు ముగిసిపోదు. నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలోగా పూర్తి చేసుకునే అవకాశం నిబంధనల్లోనే ఉంది. ఫోను చేసే బదులు, మళ్లీ రాయబోయే పిల్ల ఫీజుకు సాయపడదాం. సంఘంలో అనుభవమున్న సిస్టర్ల దగ్గర వారానికి రెండు గంటలు కూర్చోబెడదాం. నిజాయితీగా ఫెయిల్ చేసిన టీచరును శత్రువులా చూడకుండా ధైర్యం చెబుదాం. రేపు అర్ధరాత్రి మన తల్లి మంచం పక్కన సిరంజి పట్టుకొని నిలబడేది ఈ పిల్లలే అన్న సంగతి మరచిపోకుందాం.