కథ కాదు, అర్జీ రాశాం

2024 ఆగస్టు 31న మణుగూరులో కురిసిన వాన మీరు పేపర్లో చదివిన వార్త. మాకు మాత్రం వంటింట్లోకి వచ్చిన వాగు. బియ్యం డబ్బా తేలుతుంటే గ్యాస్ సిలిండర్ని మంచమెక్కించి, పక్కింటి పిన్నిగారి డాబా మీద కూర్చుండిపోయాం.

మా వైపు వరద కొత్తేం కాదు. భద్రాచలం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఎగరేస్తారు. అలాంటిది 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. నది నిండుగా ఉంటే అందులో కలవాల్సిన వాగులు వెనక్కి ఎగదన్నుతాయి. కానీ మా వీధి మునగడానికి తప్పంతా గోదారమ్మదే కాదు. వీధి చివర కల్వర్టు కింద ఉన్నవి రెండే రెండు సన్నటి తూములు. కొమ్మలూ చెత్తా అడ్డంపడ్డాయంటే నీళ్లకు మా ఇళ్లే దారి.

బురద కడుక్కున్నాక ఆడవాళ్లం ఏడుగురం కూర్చున్నాం. "ఎన్నిసార్లని సాయం కోసం లైన్లో నిలబడతాం? ఆ కల్వర్టే పెద్దది కట్టమందాం" అంది పిన్నిగారు. కథలు రాస్తానుగా, అర్జీ పని నాకే అప్పగించారు. మూడు పేజీలు రాశాను. తడిసిన పుస్తకాలు, పసివాళ్ల ఏడుపు... చదివితే అందరూ కళ్లొత్తుకున్నారు!

సోమవారం బస్సెక్కి కలెక్టరేట్లో ప్రజావాణికి వెళ్లాం. కాగితం చూసిన ఇంజినీరు నెమ్మదిగా అన్నాడు: "బాగా రాశారమ్మా. మరి ఇందులో పని ఏదీ? ఏ చోట, ఎంత వెడల్పు, ఎన్నిళ్లకి మేలు?"

నా దగ్గర జవాబు లేదు.

అప్పటిదాకా వరద డబ్బంటే మునిగాక ఇచ్చేదే అనుకున్నాను. 2022లో ముంపు కుటుంబాలకు 10,000 రూపాయల చొప్పున ప్రకటించారు కదా, అలాంటిది. మునగక ముందు ఖర్చుపెట్టే డబ్బు కూడా ఉందని ఆ తర్వాతే తెలిసింది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో నూటికి 80 రూపాయలు సహాయ చర్యలకు, 20 రూపాయలు ముప్పు తగ్గించే పనులకు విడదీసింది. ఇది మన చేతికిచ్చే సొమ్ము కాదు. పని అవసరమని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ గుర్తించాలి. దానికి అధ్యక్షులు కలెక్టరే. సంబంధిత శాఖ ఎస్టిమేటు వెయ్యాలి, పైవాళ్లు మంజూరు చెయ్యాలి. మాలాంటి గనుల ఊళ్లకు ఇంకో తలుపు కూడా ఉంది. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్. గనుల వాళ్లు కట్టే సొమ్ములో కొంత రోడ్లు, మంచినీళ్ల లాంటి పనులకు వాడొచ్చు.

రెండో అర్జీ ఒక్క పేజీ. కుట్టుమిషను టేపుతో ఇంటింటా గోడమీది నీటి మరక కొలిచాం. మా గుమ్మంలో 31 అంగుళాలు, పిన్నిగారింట్లో 22. మునిగిన ఇళ్లు 46. ముసలివాళ్లెందరు, చంటిపిల్లలెందరు, తూము వెడల్పెంత, పక్క జాగా సర్వే నంబరేమిటి, అన్నీ రాశాం. తేదీలతో ఫొటోలు, అందరి సంతకాలు జతచేశాం. రసీదు నంబరు అడిగి మరీ తీసుకున్నాం.

ఎస్టిమేటుకు మనుషులొచ్చి కొలతలు తీసుకెళ్లారు. కల్వర్టు మాత్రం ఇంకా రాలేదు. మబ్బు పట్టిందంటే మా సిలిండరు ఇప్పటికీ మంచమెక్కుతోంది. నెలకోసారి ఇద్దరం వంతులవారీగా వెళ్లి, ఆ నంబరు చెప్పి ఫైలెక్కడుందో అడిగొస్తున్నాం. మొదట్లో ఎవరికి వాళ్లం భయపడ్డాం. ఇప్పుడు "నా వంతెప్పుడు?" అని అడుగుతున్నారు.

మీ వీధీ మునిగేదే అయితే ఒక్కమాట. గోడకి సున్నం వేయించే ముందు ఆ మరక ఎత్తు కొలిచి, తేదీ వేసి రాసిపెట్టుకోండి. మీ అర్జీకి మొదటి వాక్యం అదే.