ట్రాక్టరు ముందు జల్లెడ: సంరక్షణ, మార్పిడి

రబీ వరి నూర్పిళ్లలోను, వేసవి దుక్కులలోను ట్రాక్టరు ఇంజను మితిమీరి వేడెక్కి పని మధ్యలో నిలిచిపోవుట రైతులకు కొత్త కాదు. అట్టి సమయమున రైతు మొదట రేడియేటరులో నీరు చూచును. తరువాత మెకానిక్కును పిలుచును. ఆ రెండింటికంటె ముందు చూడవలసినది ఒకటి కలదు. అది బానెట్టు లోపల, రేడియేటరుకు ఎదురుగా నిలబడు జల్లెడ. ట్రాక్టరు ఖరీదుతో పోల్చినచో దాని ఖరీదు లెక్కకు రాదు. కాని అది మూసుకొనిపోయినను, చినిగిపోయినను, అసలు లేకపోయినను చెడునది ఇంజనే. కళ్లములో కుప్ప ఉండి, ఆకాశమున మబ్బు పట్టియున్న దినమున ఇంజను ఆగినచో కలుగు నష్టము రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

గాలి ఎందులకు?

ఇంజనులో డీజిలు మండగా పుట్టు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. దాదాపు మరియొక మూడవ వంతు పొగ గొట్టము గుండా బయటకు పోవును. మిగిలిన వేడిలో ఎక్కువ భాగమును ఇంజను చుట్టు తిరుగు నీరు మోసికొని వచ్చి రేడియేటరులో దింపును. రేడియేటరులో సన్నని గొట్టములు, వాటి నడుమ పలుచని రేకు రెక్కలు ఉండును. ఆ రెక్కల మధ్యనుండి గాలి పోవునపుడే నీరు చల్లబడును. గాలి ఆడనిచో రేడియేటరు నిండ నీరున్నను ప్రయోజనము లేదు.

కారులో ఈ పనికి బండి వేగమే చాలవరకు తోడ్పడును. కొన్ని కార్ల ముందు బంపరు క్రింద ఒక ప్లాస్టిక్ పట్టీ వ్రేలాడుట మీరు చూచియుందురు. దానిని ఎయిర్ డ్యామ్ అందురు. బండి క్రిందికి దూరిపోవు గాలిని అది అడ్డుకొని, రేడియేటరు గుండా గాలి చక్కగా పోవునట్లు చేయును. గతుకుల దారిలో ఆ పట్టీ ఊడిపోయిన పిదప కొన్ని కార్లు రహదారిపై వేడెక్కుటకు కారణమిదే.

ట్రాక్టరు సంగతి వేరు. పొలములో అది గంటకు 3 నుండి 8 కిలోమీటర్ల వేగముతో మాత్రమే నడచును. నూర్పిడి యంత్రమును త్రిప్పునపుడు నిలిచియే యుండును. కావున దానికి ఫాను ఒక్కటే ఆధారము. ఫాను ముందునుండి గాలిని లాగును. గాలితోపాటు ధూళి, పొట్టు, గడ్డిపరకలు కూడ వచ్చును. వీటిని రేడియేటరు రెక్కలవరకు పోనీయక ఆపునదే జల్లెడ.

ఎండకాలములో ఈ గాలి విలువ ఇంకను హెచ్చును. రేడియేటరులోని నీటి వేడి 90 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు ఉన్నచో తేడా 60 డిగ్రీలు. అదే గాలి 42 డిగ్రీలైనచో తేడా 48 డిగ్రీలే. అనగా అంతే గాలి వీచినను అది మోసికొనిపోవు వేడి ఐదవ వంతు తగ్గును. సంక్రాంతికి సగము మూసుకొన్న జల్లెడతో నడచిన ట్రాక్టరు ఏప్రిల్ నెలలో మొరాయించుటలో వింత లేదు.

ఏ పనిలో ఏది అడ్డుపడును?

వరి, మొక్కజొన్న, కంది, మినుము నూర్చునపుడు పొట్టు తేలికగా ఎగిరి జల్లెడకు అంటుకొనును. ప్రత్తి చేలలో దూదిపోగులు పట్టుకొని వల వలె అల్లుకొనును. ఎండిన నల్లరేగడిలో రోటవేటరు నడిపినపుడు సన్నని ధూళి జల్లెడను దాటి రెక్కలపై పేరుకొనును. దమ్ము చేయునపుడు చక్రములు చిమ్మిన బురద రెక్కల మధ్య ఎండి గట్టిపడును. ఇంజను నూనె గాని, డీజిలు గాని ఎక్కడనైన కారుచున్నచో ధూళి దానితో కలిసి ముద్దయగును. ఆ ముద్ద గాలి ఊదిన పోదు. కారుటను ముందు ఆపవలెను.

శుభ్రపరచు విధము

సాధారణముగా దినమునకు ఒకసారి, నూర్పిళ్లలో రెండు మూడు గంటలకు ఒకసారి జల్లెడను చూడవలెను. ఇంజను ఆపి, తాళము తీసి, ఫాను పూర్తిగా నిలిచిన పిమ్మట జల్లెడను పైకి లాగి తీయవలెను. ఇంజను నడచుచుండగా జల్లెడను తీసి దులుపుట కొందరికి అలవాటు. ఇది రెండు విధముల కీడు. చేయి ఫానుకు తగలవచ్చును. జల్లెడ లేని ఆ కొద్ది నిమిషములలోనే పొట్టు నేరుగా రెక్కలలోనికి పోవును. జల్లెడను ట్రాక్టరునకు దూరముగా తీసికొనిపోయి దులిపి, మెత్తని కుంచెతో తుడవవలెను.

రేడియేటరు రెక్కలను శుభ్రపరచునపుడు గాలిని ఫాను వైపునుండి ముందుకు ఊదవలెను. దుమ్ము వచ్చిన దారినే వెనుకకు పోవుటకు ఇది తగిన పద్ధతి. ముందునుండి ఊదినచో అది ఇంకను లోనికి దిగును. గాలి వత్తిడి చదరపు సెంటీమీటరునకు 2 కిలోలకు మించరాదు. గొట్టమును రెక్కలకు నిటారుగా పట్టవలెను. ఏటవాలుగా పట్టినచో పలుచని రెక్కలు మడతపడి దారి మూసుకొనును. బండ్లు కడుగు షెడ్లలోని గట్టి నీటిధార కూడ రెక్కలను వంచును. నూనె ముద్దను సబ్బునీటితో నానబెట్టి మెల్లగా కడుగవలెను. ఇంజను చల్లారిన తరువాతనే నీరు వాడవలెను.

ఏ.సి. గది గల ట్రాక్టర్లలో రేడియేటరుకు ముందు మరియొక చల్లార్చు పలక ఉండును. కొన్ని పెద్ద ఇంజనులకు ఇంటర్‌కూలరు కూడ ఉండును. ఈ పలకల మధ్య సందులో పొట్టు దాగియుండును. ముందునుండి చూచినచో అంతయు శుభ్రముగానే కనబడును. కావున సందులో దీపము వేసి చూడవలెను.

చుట్టు పట్టీలను మరువరాదు

జల్లెడ చుట్టును, రేడియేటరునకు బానెట్టునకు మధ్యను రబ్బరు లేక ఫోము పట్టీలు ఉండును. ఇవి ఊడినను చాలమంది పట్టించుకొనరు. కాని గాలి ఎల్లప్పుడు సులువైన దారినే వెదకును. పట్టీ లేనిచోట గాలి జల్లెడను తప్పించుకొని, ధూళితో సహా ప్రక్కనుండి దూరును. అంతకంటె పెద్ద నష్టము మరొకటి కలదు. ఇంజను వైపునకు పోయిన వేడి గాలి ఆ సందుల గుండా తిరిగి ముందుకు వచ్చి, మరల రేడియేటరులోనికే పోవును. బయట గాలి 42 డిగ్రీలే అయినను రేడియేటరునకు అంతకంటె ఎంతో వేడి గాలి అందును. జల్లెడ శుభ్రముగా ఉండి, నీరు నిండుగా ఉండి, అయినను ఇంజను వేడెక్కుచున్నచో ఈ పట్టీలను పరీక్షించుడు.

క్రొత్త జల్లెడ అమర్చుట

జల్లెడ చినిగినను, చట్రము వంగి గాడిలో సరిగా కూర్చుండకున్నను మార్చవలెను. మీ ట్రాక్టరు నమూనాకు చెందిన జల్లెడను కొనుట ఉత్తమము. దొరకనిచో చాలమంది దోమతెర వంటి సన్నని వలను గాని, గోనెపట్టాను గాని కట్టుదురు. ఇది తగదు. ఒక చిన్న లెక్క చూడుడు. తీగ మందము అర మిల్లీమీటరు, కన్ను 2.5 మిల్లీమీటర్లు ఉన్న వలలో గాలికి దొరకు ఖాళీ నూటికి 69 పాళ్లు. అదే తీగతో కన్ను ఒక మిల్లీమీటరైనచో ఖాళీ నూటికి 44 పాళ్లే. పైగా సన్న కన్ను త్వరగా మూసుకొనును. కావున స్థానికముగా చేయించుకొను పక్షమున పాత జల్లెడ ముక్కను తీసికొనిపోయి, అదే కన్ను, అదే తీగ మందము గల వలను ఎన్నుకొనవలెను. ఒకదానిపై మరియొక వల వేయరాదు.

అమర్చునపుడు గాడిలోని మట్టిని తీసి, పాత పట్టీ జిగురును గీకి, క్రొత్త రబ్బరు పట్టీ అతికించి, తరువాత జల్లెడను దింపవలెను. అది కదలక కూర్చుండవలెను. అయినను చేతితో సులభముగా పైకి రావలెను. బోల్టులతో బిగించిన జల్లెడను ఎవరును దినము తీసి దులుపరు. పని ముగిసిన పిమ్మట ఇంజనును మధ్య వేగమున నడిపి, ఒక కాగితమును గ్రిల్లు ముందు పట్టిచూడుడు. గాలి లాగుడుకు అది అంటుకొని నిలువవలెను. జల్లెడ శుభ్రముగా ఉన్నను నిలువనిచో ఫాను బెల్టు వదులైనదేమో, మరమ్మతులో ఫానును తిరగవేసి బిగించినారేమో చూడవలెను.

ముందు భాగమునకు రక్షణ

చెట్ల కొమ్మలు, కంచెలు, ముందు ట్రాలీలు గ్రిల్లును దెబ్బతీయకుండ ఇనుప బంపరు వేయించుట మంచిదే. కాని దాని కడ్డీలు గాలికి అడ్డుగా దగ్గర దగ్గరగా ఉండరాదు. పేరు బోర్డులు, అభిమాన నటుల ఫ్లెక్సీలు గ్రిల్లుపై కట్టరాదు. ఆయుధపూజ నాటి దండలు పూజ కాగానే తీసివేయవలెను. నూర్పిడి యంత్రము పొట్టును ఏ దిక్కునకు చిమ్మునో, గాలి ఏ దిక్కునుండి వీచునో చూచి, పొట్టు ట్రాక్టరు మీదికి రాకుండ నిలుపుకొనవలెను. ఇట్లు చేసినచో ఎండుగడ్డి పొగ గొట్టము వద్ద చేరి నిప్పు అంటుకొను ప్రమాదము కూడ తగ్గును.

సూది ఎర్రగీతకు చేరినచో

వెంటనే పని భారమును తొలగించి, పి.టి.ఓ. ఆపివేయవలెను. బెల్టు తెగక, నీరు కారిపోక యున్నచో ఇంజనును రెండు మూడు నిమిషములు నెమ్మదిగా నడిపి ఆపవలెను. బెల్టు తెగినచో, నీరు పోయినచో తక్షణమే ఆపవలెను. వేడిగా ఉన్నపుడు రేడియేటరు మూత తీయరాదు. లోపల వత్తిడితో ఉన్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖము, చేతులు కాల్చును. వేడి ఇంజనుపై చన్నీరు పోసినచో ఇనుము పగులవచ్చును. చల్లారిన పిదప కారణము వెదకి, సరిచేసియే తిరిగి నడుపవలెను. వేడెక్కిన ఇంజనును అట్లే నడిపినచో హెడ్డు గాస్కెట్టు పోవును, హెడ్డు వంగును, చివరకు పిస్టన్లు పట్టివేయును. అప్పుడు నూర్పిళ్ల దినములన్నియు ట్రాక్టరు షెడ్డులోనే గడపవలసివచ్చును.

డీజిలు పోయునపుడెల్ల జల్లెడను ఒకసారి తీసి దులుపుట నియమముగా పెట్టుకొనుడు. ట్రాక్టరును డ్రైవరునకు గాని, బాడుగకు గాని అప్పగించునపుడు ఈ నియమమును అతనికి కూడ తెలుపుడు. ఐదు నిమిషముల ఈ పని వలన ఇంజను ఆయువు పెరుగును; నూర్పిడి పని నిలువదు.