బడి కోసం ఇల్లు మారుతున్నారా? తరగతి చూసుకుని కదలండి

నల్గొండ: వార్షిక పరీక్షలు ముగియగానే పల్లెల్లో ఒకటే చర్చ. పిల్లలను హైస్కూలుకు ఎక్కడ పంపాలి? ఊళ్లోనే ఉంచాలా, కాపురం పట్నానికి మార్చాలా? ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఇది ఏటా వినిపించే ప్రశ్నే. మిర్యాలగూడ, సూర్యాపేట, భువనగిరి పట్టణాల్లోనూ, హైదరాబాద్‌కు విజయవాడ రహదారి వైపున్న హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్‌లలోనూ పిల్లల చదువుల కోసం అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలు ఎన్నో. తండ్రి ఊళ్లో సేద్యం చూసుకుంటుంటే, తల్లి పిల్లలతో పట్నంలో కాలం వెళ్లదీస్తుంది. ఒకే సంపాదనపై రెండు పొయ్యిలు వెలగాలి.

ఇంత భారం తలకెత్తుకునే తల్లిదండ్రులు బడి పేరు చూస్తున్నారు, ఫలితాలు చూస్తున్నారు. చిరునామా మారితే పిల్లలకు దక్కే అవకాశాలూ మారతాయన్న సంగతి మాత్రం చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది. అందుకు కొన్ని నిబంధనలను ముందుగానే తెలుసుకోవడం అవసరం.

నాలుగేళ్ల లెక్క

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికతను 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నిర్ణయిస్తారు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు గల ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. జిల్లా, జోన్, మల్టీజోన్ పోస్టుల ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులకే కేటాయిస్తారు.

ఉదాహరణకు, నల్గొండ జిల్లాలోని ఓ గ్రామంలో మూడో తరగతి వరకు చదివిన బాలుడు నాలుగు నుంచి ఏడు వరకు హయత్‌నగర్‌లో చదివితే రంగారెడ్డి జిల్లాకు స్థానికుడవుతాడు. అదే నాలుగో తరగతి కూడా ఊళ్లోనే ముగించి వెళ్తే నల్గొండకే స్థానికుడిగా ఉంటాడు. తేడా ఒక్క సంవత్సరమే. కానీ పదిహేనేళ్ల తర్వాత డీఎస్సీలో ఏ జిల్లా పోస్టుకు పోటీ పడాలన్నది ఆ ఒక్క ఏడాదే తేలుస్తుంది. జోన్ కూడా మారుతుంది. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ జిల్లాలు యాదాద్రి జోన్‌లో ఉండగా, రంగారెడ్డి చార్మినార్ జోన్‌లో ఉంది. రెండూ రెండో మల్టీజోన్‌లోనివే కాబట్టి ఆ స్థాయి పోస్టులకు మాత్రం తేడా ఉండదు.

వైద్య విద్య ప్రవేశాల లెక్క వేరు. ఇక్కడ చూసేది ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండు సంవత్సరాలు. ఆ నాలుగేళ్లూ రాష్ట్రంలో చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల వారికి విజయవాడ దగ్గర. డాక్టరు చదువు ఆశయంగా పెట్టుకుని, పిల్లలను తొమ్మిదో తరగతిలోనో ఇంటర్‌లోనో అక్కడి కళాశాలల్లో చేర్పించాలనుకునే వారు ఈ విషయాన్ని ముందే ఆలోచించుకోవాలి.

పల్లె బడి తెరిచే తలుపు

జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు కేటాయిస్తారు. ఇక్కడ చదువు, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ ఉచితం. అయితే గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోనే చదవాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. ప్రవేశ పరీక్షకు అవకాశం ఒక్కసారే. అయిదో తరగతి చదువుతున్న జిల్లాలోని విద్యాలయానికే దరఖాస్తు చేయాలి.

మంచి పునాది పడుతుందని మూడో తరగతిలోనే పట్నం తీసుకెళ్లిన తల్లిదండ్రులు, తెలియకుండానే ఈ తలుపు మూసేస్తున్నారు. ఉమ్మడి జిల్లాకు నవోదయ పెద్దవూర మండలం చలకుర్తిలో ఉంది. 2024 డిసెంబరులో కేంద్రం సూర్యాపేట జిల్లాకూ ఒకటి మంజూరు చేసింది. ఏ జిల్లా వారు దేనికి దరఖాస్తు చేయాలో ఆ ఏటి ప్రకటనలో సరిచూసుకోవాలి.

గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశాలకు పరీక్ష నాలుగో తరగతి చదువుతుండగానే రాయాలి. ఆదర్శ పాఠశాలల్లో, బాలికలకైతే కస్తూర్బా గాంధీ విద్యాలయాల్లో ఆరో తరగతిలో చేరవచ్చు. పల్లె పిల్లలకు మంచి చదువు పట్నంలోనే దొరుకుతుందన్న అభిప్రాయానికి ఈ ప్రాంతమే ఎప్పుడో జవాబిచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో గురుకుల విద్యాలయం మొదలైంది సంస్థాన్ నారాయణపురం మండలంలోని సర్వేల్ గ్రామంలోనే.

ఊళ్లో ఉంటే దక్కేవి

ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివేవారు జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్, రాయవచ్చు. కుటుంబ వార్షికాదాయం రూ.3.50 లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏడాదికి రూ.12 వేలు అందుతాయి. ప్రైవేటు పాఠశాలలో చదివేవారికి ఈ అవకాశం లేదు. 2008లో ఏర్పడిన బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల ఆధారంగా జరిగే ప్రవేశాల్లోనూ, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు అదనపు స్కోరు కలిపే విధానం ఉంది.

కాపురం మార్చడం, ఊళ్లో ఉండిపోవడం కాక మూడో దారి కూడా ఉంది. మండల కేంద్రంలోని మంచి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద బాలికలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బాలురకు విద్యార్థి పాసులు ఉన్నాయి. అయితే బడి వేళకు బస్సు ఉందా, సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి చేరతారా అన్నది చూసుకోవాలి.

బడిని ఎలా చూడాలి?

అన్ని గ్రామాల్లోనూ ఉన్నత పాఠశాలలు ఒకేలా లేవు. కొన్నిచోట్ల ఉండటం పిల్లలకు నష్టమే. గణితం, భౌతిక, జీవశాస్త్రాలు, ఆంగ్లం బోధించేవారు ఉన్నారా, ఆ పోస్టులు ఎంతకాలంగా ఖాళీగా ఉన్నాయి అన్నది ప్రధానోపాధ్యాయుడిని నేరుగా అడగవచ్చు. ఏళ్ల తరబడి గణిత ఉపాధ్యాయుడు లేని బడిని వదిలి వెళ్లడంలో తప్పు లేదు.

పట్నంలోని ప్రైవేటు బడి విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ప్రకటనల్లోని అగ్రశ్రేణి మార్కులు ఒకరిద్దరివి. తొమ్మిదో తరగతిలో ఎంతమంది చేరారు, వారిలో ఎందరు అదే బడి నుంచి పది పరీక్ష రాశారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు అని మూడేళ్ల లెక్క అడగాలి. ఆ శాఖకు పదో తరగతి వరకు గుర్తింపు ఉందో లేదో మండల విద్యాధికారి కార్యాలయంలో తెలుసుకోవచ్చు. గుర్తింపు లేనిచోట చదివితే చివరి ఏడాది మరో పాఠశాల పేరుతో పరీక్ష రాయాల్సి వస్తుంది.

ఏ తరగతిలో ఏం చూడాలి?

* మూడు నుంచి అయిదు: నవోదయ ఆలోచన ఉంటే గ్రామీణ బడి మారకూడదు. నాలుగులో గురుకుల పరీక్ష రాయించాలి.

* నాలుగు ముగిశాక: ఒకటి నుంచి సొంత జిల్లాలోనే చదివితే ఉద్యోగ స్థానికత ఖాయమైనట్లే.

* అయిదు ముగిశాక: ఆదర్శ పాఠశాల, కస్తూర్బా, మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలను పోల్చి చూసుకోవాలి. మారక తప్పదనుకుంటే ఇదే అనువైన సమయం.

* ఎనిమిది: ప్రభుత్వ బడిలో ఉంటే ఉపకార వేతన పరీక్ష రాయించాలి.

* తొమ్మిది, పది: మార్పు వల్ల మేలు కంటే ఇబ్బందే ఎక్కువ. రాష్ట్రం దాటేముందు వైద్య విద్య నిబంధన చూసుకోవాలి.

ఎక్కడికి మారినా, చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసి భద్రపరచుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడి నుంచి పదేళ్ల తర్వాత ఆ కాగితం సంపాదించడం మాటలు కాదు. అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చేముందు ఈ లెక్కలన్నీ ఒక్కసారి కాగితంపై వేసి చూసుకుంటే, బిడ్డకూ మేలు, సేద్యాన్ని నమ్ముకున్న కుటుంబానికీ మేలు.