ఆకాశంలో చెరుగుడు

సోదరీమణులారా, చేటతో చెరిగేటప్పుడు ఏం జరుగుతుందో మీకొకరు చెప్పనక్కరలేదు. పొట్టు గాలికి ఎగిరిపోతుంది, బరువైన గింజ మళ్ళీ చేటలోకే వస్తుంది. 2022లో ఆకాశంలోనూ అలాంటి చెరుగుడు ఒకటి జరిగింది.

సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహశకలాలలో కొన్ని జంటలుగా ఉంటాయి. డిడిమోస్ అలాంటిదే. గ్రీకు భాషలో ఆ మాటకు కవల అని అర్థంట. పెద్దది సుమారు ముప్పాతిక కిలోమీటరు ఉంటుంది. దానికి 1.2 కిలోమీటర్ల ఎడంలో డైమోర్ఫోస్ అనే చిన్నది ప్రదక్షిణం చేస్తూ ఉంటుంది. దీని అడ్డుకొలత ఇంచుమించు 150 మీటర్లు. నడక ఎంత నెమ్మదంటారా? సెకనుకు జానెడు కూడా లేదు! పాకే చంటిపిల్లలు నయం. అక్కడి ఆకర్షణ అంత స్వల్పమన్నమాట.

సెప్టెంబరు 26న నాసావారు డార్ట్ అనే నౌకను ఆ చిన్నదానికి ఎదురుగా పంపి, కావాలనే ఢీకొట్టించారు. పనిలేకనా అంటారేమో. రేపెప్పుడైనా ఏ శకలమైనా భూమి మీదికి వస్తే పక్కకు నెట్టగలమా అని చూడడానికి. ఈ జంట మన మీదికి వచ్చేది కాదు లెండి. నౌక బరువు 600 కిలోలకు కాస్త తక్కువ, వేగం సెకనుకు 6 కిలోమీటర్ల పైచిలుకు. 11 గంటల 55 నిమిషాల ప్రదక్షిణం 33 నిమిషాలు తగ్గిపోయింది. 73 సెకన్లు మారితే చాలనుకున్నారు! నౌక తోసిన తోపుకంటె, ఎగిరిపోయిన రాళ్ళూ దుమ్మూ తారాజువ్వలాగా వెనక్కి తన్నిన తన్ను ఎక్కువైంది.

మరి ఎగిరినవన్నీ ఎటు పోయాయి? జోరుగా లేచినవి జంటను వదిలి సూర్యుడి చుట్టూ తమ దారిన తాము పోయాయి. నెమ్మదిగా లేచినవాటివే పాట్లు. ఒక్క శకలమే అయితే దాని చుట్టూ దారి కాస్త కుదురుగా ఉండేది. ఇక్కడ ఇద్దరున్నారు. రాయి ఒక చుట్టు తిరిగేలోగా చిన్నది చోటు మారి మరోవైపు నుంచి లాగుతుంది. దాంతో దారి సాగుతుంది, కుంచించుకుంటుంది, ఒరుగుతుంది. కొన్ని పెద్దదాని మీద, కొన్ని చిన్నదాని మీద పడతాయి. కొన్నింటిని ఆ లాగుళ్ళే బయటకు విసిరేస్తాయి. మొదట వెంట్రుకవాసి తేడా ఉన్న రెండు రాళ్ళు చివరకు ఎక్కడెక్కడో తేలతాయి. ఇద్దరి మధ్య పంచాయితీ ఎప్పుడూ ఇంతే కదా!

ఇక సన్నని దుమ్ము. సూర్యకాంతికి కూడా తోపు ఉంటుంది. మనకు తెలియదు గాని, రేణువులకు అదే చెరిగేవేళ గాలి. దుమ్ము సూర్యుడికి ఎదురు దిక్కుగా వేల కిలోమీటర్ల తోకలా సాగింది. అక్టోబరులో అది రెండు తోకలుగా కూడా కనిపించింది. పెద్ద రాళ్ళను వెలుగు అంతగా కదపలేదు. డిసెంబరులో హబుల్ దూరదర్శిని 37 బండలను పట్టింది. మీటరు మొదలు ఏడు మీటర్ల దాకా ఉన్నవి, గంటకు ఇంచుమించు కిలోమీటరు నడకతో జంటకు దూరమవుతున్నాయి. అవి కొత్తగా పగిలినవి కావనీ, పైన పడి ఉన్నవే లేచాయనీ శాస్త్రజ్ఞుల అంచనా.

డైమోర్ఫోస్ బరువు సరిగ్గా తేలితేగాని ఆ రాళ్ళు తన్నిన తన్ను ఎంతో కచ్చితంగా లెక్క కట్టలేరు. ఆ లెక్క లేకపోతే మరో శకలాన్ని ఎంత గట్టిగా కొట్టాలో తెలియదు. ఆ బరువు తేల్చడానికీ, దెబ్బ తగిలిన చోటు చూడడానికీ యూరపువారి హేరా నౌక 2024 అక్టోబరులో బయలుదేరింది.