ముంబై నుంచి మన ఊరికి విమానంలో ఎంతసేపు?

మన సరిహద్దు జిల్లాలకూ ముంబైకీ ఉన్న బంధం ఈనాటిది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచీ నిజాం రాజ్యపు తెలుగువాళ్లు కూలిపనికీ, కట్టుబడి పనికీ బొంబాయి వెళ్లారు. ఆ కామాటీలు నిలిచిన పేటే కామాటిపుర. తరువాత వెళ్లిన నేత కార్మికులు మిల్లుల చుట్టుపక్కల చాళ్లలో కాపురాలు పెట్టారు. ఊళ్లో తండ్రికి బాగాలేదని కబురు వెళితే, ఈ రోజుల్లో అక్కడి కొడుకుకు ముందు తోచేది విమానమే. మరి, విమానం ఎక్కితే నిజంగా ఎంత ముందుగా ఇల్లు చేరతాడు?

ముంబై, శంషాబాదు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 620 కిలోమీటర్లు. పుణె, సోలాపూర్, వాడి మీదుగా తిరిగి వచ్చే రైలుకు అదే దూరం 790 కిలోమీటర్ల దాకా అవుతుంది. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోగలదు కదా, ముప్పావు గంటలో రావాలి అనిపిస్తుంది. కానీ పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ, నేలమీద వరుసలో నిలబడడానికీ సమయం పడుతుంది. ముంబై పాత విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. అందువల్ల రెంటినీ ఒకేసారి వాడుకోలేరు. రద్దీ వేళల్లో ఆలస్యం తప్పదు. అన్నీ కలిపి గంటంబావు నుంచి గంటన్నర అనుకోండి.

ఇది టికెట్టు మీది లెక్క. ఇంటి లెక్క వేరు. కామాటిపుర నుంచి విమానాశ్రయానికి గంటన్నర, అక్కడ ముందుగా ఉండవలసిన రెండు గంటలు, ప్రయాణం గంటన్నర, సామాను తీసుకుని బయటపడడానికి అరగంట. అంటే శంషాబాదు గడప దాటేసరికే అయిదున్నర గంటలు.

ఆ తరువాతిది మీ ఊరు ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది. పాలమూరు వారికి అది దగ్గరైంది. మహబూబ్‌నగర్ అక్కడికి 80 కిలోమీటర్లే, రెండు గంటల్లో చేరవచ్చు. నిజామాబాదు వారికి మాత్రం నగరమంతా అడ్డం వచ్చి, దూరం దాదాపు 200 కిలోమీటర్లయింది. మరో నాలుగు గంటలు కలపండి, మొత్తం తొమ్మిదిన్నర. ముంబైలో రాత్రి బయలుదేరే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాందేడ్, బాసర మీదుగా సుమారు పదమూడు గంటల్లో నిజామాబాదులోనే దింపుతుంది. మిగిలేది మూడు నాలుగు గంటలు. విమానం అర్ధరాత్రి దిగి, తెల్లవారే దాకా బస్సు దొరక్కపోతే అదీ మిగలదు. అప్పటికప్పుడు కొనే విమాన టికెట్టు ప్రియం కూడాను.

ఇంకొక జాగ్రత్త. 2025 డిసెంబరు నుంచి నవీ ముంబైలో రెండో విమానాశ్రయం పనిచేస్తోంది. కామాటిపుర వైపు వారు అక్కడికి వెళ్లాలంటే సముద్రపు పాయ దాటాలి. టికెట్టు మీద ఏ విమానాశ్రయమో చూసుకోకుండా బయలుదేరితే విమానం తప్పిపోవచ్చు.

కనుక ముంబైలోని మీవాళ్లకు కబురు పంపేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి. విమానం ఎన్నింటికి దిగుతుందని కాదు, మన వాకిట్లోకి ఎన్నింటికి వస్తామని లెక్క వేసుకోమనండి. పాలమూరు కొడుకుకు విమానం మేలు. నిజామాబాదు కొడుకుకు సాయంత్రం కబురు అందితే, చాలాసార్లు రాత్రి రైలే మేలు.