బ్రేకు పట్టేసిందంటే... ఒక పిస్టన్ కథ

రాయచోటి వైపు నుంచి కడపకు వచ్చే బండ్లన్నీ గువ్వలచెరువు ఘాట్ దిగాలి. పైన ఆగి పాలకోవా కొనుక్కుని, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగడం ఆ దారిన తిరిగేవాళ్లకు అలవాటే. 1,200 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగిందనుకుందాం. దాదాపు 12 లక్షల జౌల్స్ శక్తి వేడిగా మారుతుంది. నాలుగు లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి అది. ఆ వేడినంతా పుట్టించేది చక్రంతో పాటు తిరిగే డిస్కు, దాన్ని రెండు వైపులా ఒరుసుకునే ప్యాడ్లు. ఆ ప్యాడ్లను నెట్టేది, డిస్కు అంచున అటూ ఇటూ కమ్మి ఉండే కాలిపర్‌లో కూర్చున్న పిస్టన్. ఒక పక్క మూసి, మరో పక్క బోలుగా ఉండే లోహపు ముక్క. అది ముందుకు రావాలి, వెనక్కి పోవాలి. దాని పని అంతే. కానీ వెనక్కి పోవడం మానేసిన రోజున బండి ఒక పక్కకు లాగుతుంది, చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, మైలేజీ పడిపోతుంది, లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగిపోతుంది. ‘అన్నా, బండి ఒగ పక్కకి ఈడుస్తాంది’ అంటూ షెడ్డుకు వచ్చే బండ్లలో ఇలాంటివి తక్కువేం కాదు.

డిస్క్ బ్రేకు కొత్తదేమీ కాదు. బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారుచేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడినవి రాగి ప్యాడ్లు. లోహం మీద లోహం రాసుకుంటే వచ్చే కీచుమోతను జనం భరించలేకపోయారు. ఫెరోడో కంపెనీ పెట్టిన హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగు వాడి ఆ మోతను తగ్గించాడు. ఆ ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని లోకానికి తర్వాతెప్పుడో తెలిసింది. పాత ప్యాడ్లు విప్పినప్పుడు ఆ నల్లటి పొడిని నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదొద్దని చెప్పేది అందుకే.

పెడల్‌కూ చక్రానికీ మధ్య కడ్డీలు, తీగలు తీసేసి ద్రవాన్ని పెట్టిన ఘనత మాల్కమ్ లాక్‌హీడ్‌ది. విమానాల లాక్‌హీడ్‌లకు తోబుట్టువే. ఆయన పేటెంటు 1917 నాటిది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. అవి డ్రమ్ బ్రేకులే. డిస్కుకు గౌరవం దక్కింది 1953లో. ఆ ఏడు ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గంటకు సగటున 170 కిలోమీటర్లు పరుగెత్తి గెలిచింది. మిగతావాళ్లు మలుపుకు చాలా ముందే బ్రేకు తొక్కాల్సి వస్తే, జాగ్వార్ దాని దగ్గరిదాకా వేగంగా వెళ్లగలిగింది. రెండేళ్లకే సిట్రోయెన్ డిఎస్ ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. మన దగ్గర అంబాసిడర్, పద్మిని కాలమంతా చాలావరకు డ్రమ్ములతోనే గడిచింది. 125 సీసీ దాటిన కొత్త బైకులకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి కావడంతో డిస్కులూ దానితోపాటే వచ్చి, ఇప్పుడు పల్లెటూళ్ల మెకానిక్కులకూ కాలిపర్ విప్పడం రోజువారీ పనైంది.

పిస్టన్‌కు అంత బలం ఎక్కడిది? పెడల్ మీద 20 కిలోల బరువు వేశామనుకుందాం. పెడల్ లివర్ దాన్ని ఐదింతలు చేసి 100 కిలోలతో మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. దాని అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్‌ది 50 మిల్లీమీటర్లు అయితే, వైశాల్యంలో తేడా ఆరింతల పైచిలుకు. పాస్కల్ చెప్పినట్టు ద్రవంలో పీడనం అన్ని వైపులా ఒకటే కాబట్టి, పిస్టన్ దగ్గర 600 కిలోలకు మించిన బలం పుడుతుంది. బూస్టర్ సాయం దీనికి అదనం. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరి వెనక్కి లాగేదెవరు? డ్రమ్ములో ఉన్నట్టు ఇక్కడ స్ప్రింగు లేదు. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే. కాలిపర్ గోడలో చెక్కిన గాడిలో చతురస్రపు అంచులున్న రబ్బరు సీల్ కూర్చుని పిస్టన్‌ను చుట్టూ పట్టుకుని ఉంటుంది. పిస్టన్ ముందుకు కదిలితే సీల్ దానితోపాటు కొంచెం వంగుతుంది. పెడల్ వదలగానే తిరిగి నిటారుగా లేచి, పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న భాగం వెనక్కి తెస్తుంది. ఆ కాస్త దూరం చాలు, ప్యాడ్ డిస్కును వదిలేస్తుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ సీల్‌లోంచి జారి ఇంకొంచెం బయట నిలుస్తుంది. ఎవరూ అడ్జస్ట్ చేయనక్కర్లేదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. ప్యాడ్లు అరిగేసరికి పిస్టన్ సగం బయట ఉంటుంది. ఆ బయటి భాగానికి రక్షణ డస్ట్ బూట్ అనే పల్చటి రబ్బరు తొడుగొక్కటే. అది చిరిగితే అక్కడ తుప్పు పడుతుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టాలంటే పిస్టన్‌ను పూర్తిగా లోపలికి నెట్టాలి. అంటే ఏళ్లతరబడి తుప్పు పట్టిన భాగమే సీల్‌లోంచి దూరాలి. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూ. ఆ కాస్త జాగాను తుప్పు నింపేస్తుంది. ప్యాడ్లు మార్చే రోజునే పిస్టన్ మొరాయించడానికి కారణం ఇది.

వానే సరిగా పడని సీమలో తుప్పేమిటని అడగొచ్చు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరితే ఆ హద్దు 155కు దిగుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఆ నీరే లోపలి లోహాన్ని తినేస్తుంది. బయట దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. బేతంచెర్ల, బనగానపల్లె పాలిష్ రాళ్ల పొడి, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు, సున్నపురాయి ధూళి బూట్ మడతల్లో పేరుకుంటాయి. ఏళ్ల తరబడి వేసవి ఎండకు, బ్రేకుల వేడికి ఎండిన రబ్బరు పగులుతుంది. ఆ తర్వాత వంక దాటినా, బండి కడిగినా నీళ్లు లోపలికి చేరతాయి. బయట గంటలో ఆరిపోతుంది గానీ బూట్ లోపలి బురద ఆరదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు వచ్చినట్టి ఒండ్రు నీళ్లలో బండి మునిగితే, ఇంజన్ ఒక్కటే బాగుచేయించి ఊరుకోకూడదు. కాలిపర్లూ విప్పి చూడాలి.

పట్టుకుపోయిన పిస్టన్‌ను స్క్రూడ్రైవర్‌తో తిప్పి వెనక్కి నెట్టడం చాలామంది చేసే పని. అది తప్పని గట్టిగా చెబుతాను. తుప్పును, మట్టిని సీల్ మీదికి ఇంకా తోసినట్టవుతుంది. ముందు బయటికి రానివ్వాలి. కాలిపర్‌ను డిస్కు మీంచి తీసి, ఆయిల్ పైపు విప్పకుండానే, పిస్టన్ పూర్తిగా ఊడిపోకుండా ఎదురుగా చెక్క ముక్క పెట్టి, ఒకరు పెడల్‌ను మెల్లగా తొక్కాలి. ఇందాక లెక్కేసిన 600 కిలోల బలం మీ చేతుల్లో లేదు, పెడల్ కింద ఉంది. వేళ్లు మాత్రం మధ్యలో పెట్టొద్దు. కంప్రెసర్ గాలి కొట్టడం ఇంకా ప్రమాదం, పిస్టన్ తూటాలా దూసుకొస్తుంది. బైకుల్లో రెండు పిస్టన్లుంటే కదిలేదాన్ని క్లాంపుతో పట్టి ఉంచితేనే మొండిది కదులుతుంది. బయటికొచ్చిన భాగాన్ని కొత్త బ్రేక్ ఆయిల్‌తో తుడిచి, కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే నిప్పల్ వదులు చేసి, సి-క్లాంపుతో తిన్నగా లోపలికి నొక్కాలి. పాత ఆయిల్ ఏబీఎస్ వైపు పోకుండా నిప్పల్‌లోంచే సీసాలోకి వస్తుంది. ఇలా రెండు మూడు సార్లు చేస్తే చాలావరకు కదులుతుంది. కిరోసిన్, పెట్రోలు, మామూలు గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది, దగ్గరికి రానివ్వకండి. క్రోమ్ పూత లేచి గుంటలు పడి ఉంటే వాటర్ పేపర్ రుద్ది ప్రయోజనం లేదు, పిస్టన్, సీల్ కిట్ కొత్తవే వేయాలి.

నిప్పల్ తెరవగానే పిస్టన్ తేలిగ్గా వెనక్కి పోయిందంటే దోషం పిస్టన్‌ది కాదు, లోపల మూసుకుపోయిన రబ్బరు పైపుది. కాలిపర్ జారే పిన్నులు బిగిసినా లక్షణాలు ఇవే. వెనక చక్రాల కాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేకు కలిసి ఉన్న కార్లలో పిస్టన్‌ను నెట్టకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి.

ప్యాడ్లు మార్పించేటప్పుడు బూట్ తెరిచి చూడమని మెకానిక్‌ను అడగండి. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి. పని అయ్యాక బండి కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. మొదటి తొక్కుకు బ్రేకు పడదు.