ముందే తుప్పు పట్టిన స్టీలు

విశాఖలో ఉంటున్నామని తెలిస్తే చాలు, పై ఊరి చుట్టాలు అడుగుతారు: "ఉక్కు ఫ్యాక్టరీలో స్టీలు సామాను చవగ్గా ఇస్తారటగా?" ఇవ్వరు. అసలక్కడ ఆ స్టీలు తయారవదు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ కర్మాగారం నుంచి వచ్చేవి స్లాబులో వేసే కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానళ్లు. నాలుగు వానలు పడితే అవన్నీ ఎర్రబడతాయి. వంటింటి స్టీలుకు ముందు స్టెయిన్‌లెస్ అనే విశేషణం ఒకటుంది. వాడుకలో మనం దాన్ని మింగేశాం.

ఊళ్లో వాళ్లది ఇంకో ఫిర్యాదు. "స్టెయిన్‌లెస్సని వేలకు వేలు పోసి బాల్కనీకి రెయిలింగ్ పెట్టించాం. ఏడాది తిరక్కుండానే గోధుమరంగు మచ్చలు. మోసం కాదూ?" స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిదనుకోవడంలోనే ఉంది చిక్కంతా. నన్నడిగితే అది అన్నిటికంటే ముందే తుప్పు పట్టేసిన లోహం.

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే ఆ పేరు దక్కుతుంది. గాలి తగిలీ తగలగానే పైనున్న క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి సన్నని పొర కడుతుంది. దీని తుప్పు అదే. మందం కొన్ని నానోమీటర్లే. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. కంటికి కనిపించదు గనక మెరుపు మెరుపులాగే ఉంటుంది. పాల మీద మీగడనుకోండి. చెంచాతో పక్కకు తీస్తే మళ్లీ కడుతుంది. మామూలు ఇనుము తుప్పు మాత్రం విరిగిన పాలే: పెళ్లలు పెళ్లలుగా విడిపోతుంది, సందుల్లోంచి నీరూ గాలీ లోపలికి దిగుతాయి, కింది ఇనుమూ పోతుంది.

ఈ మీగడ సంగతి మీ ఇంట్లోనే చూడొచ్చు. పెళ్లిలో చదివించిన స్టీలు బిందె తీసి అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, తేదీ చూడండి. మిషను సూది దిగిన లోతు ఆ పొరకు కొన్ని వేల రెట్లు. పైపూతే అయితే ఆ అక్షరాలు ఎప్పుడో ఎర్రబడేవి. పాత సైకిల్ హ్యాండిల్ మీద క్రోమియం పూత గీసుకుపోయిన చోట జరిగేది అదే. బిందె మీద తాతగారి పేరు ఇంకా తెల్లగా మెరుస్తోందంటే, సూది లేచిన వెంటనే అక్కడ కొత్త మీగడ కట్టిందన్నమాట.

మరి రెయిలింగ్? మీగడ కట్టడానికి గాలి కావాలి, ఉప్పు ఉండకూడదు. బీచ్ రోడ్డు గాలి మోసుకొచ్చే ఉప్పులోని క్లోరైడు పొరను అక్కడక్కడా పొడుస్తుంది. ఆ ఉప్పుచెమ్మ కింద ఆక్సిజన్ అందక గాయం మానదు. అందుకే వాన కడిగే పైభాగం బాగానే ఉంటుంది. వాన తగలని అడుగునే మచ్చలు మొదలవుతాయి. వెల్డింగ్ అతుకుల దగ్గర పాలు అడుగంటినట్టే: వేడికి క్రోమియం కొంత కార్బన్‌తో చేరిపోయి, పొర కట్టడానికి చాలినంత మిగలదు.

స్టెయిన్‌లెస్ అనే పేరు పుట్టింది సముద్రపు గాలికి కాదు, భోజనాల బల్లకు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరగకుండా చూడబోయి ఈ ఉక్కు చేశాడు. కత్తుల వ్యాపారంలో ఉన్న ఎర్నెస్ట్ స్టూవర్ట్ దాన్ని వెనిగర్‌తో పరీక్షించి స్టెయిన్‌లెస్ అన్నాడని చెబుతారు. పులుపుకు మరక పడదన్నంత వరకే ఆ హామీ.

కొట్లో అయస్కాంతం పెట్టి చూసే పెద్దమనుషులకూ ఒక మాట. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకం దానికి అంటుకోదు, నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకమూ అంటుకోదు. తుప్పును తట్టుకోవడంలో మాత్రం అది తక్కువది. అంటుకునే 430 కూడా అసలైన స్టెయిన్‌లెస్సే. శనివారం ఇనుము కొనకూడదంటూ అదే రోజు స్టీలు గ్లాసులు కొనేవారికి ఇంకో కబురు: అందులో దాదాపు డెబ్భై శాతం ఇనుమే. శని దేవుడికి క్రోమియం పొర అడ్డమేమో మరి.

సముద్రం దగ్గర ఇల్లయితే మాలిబ్డినం కలిసిన 316 రకం అడగండి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. వారానికోసారి మంచినీళ్లతో, అడుగుభాగం కూడా, కడగండి. ఇనుప పీచుతో మాత్రం తోమకండి. దాని తునకలు ఇరుక్కుని తుప్పు పడితే ఆ నింద స్టెయిన్‌లెస్ మీద పడుతుంది.